చీర నేతను ఫొటోతో వెతకడం: చిత్రాల నుంచి టెక్స్చర్ లక్షణాలు రాబట్టే సమగ్ర మార్గదర్శి

ఎర్ర మంగళగిరి నూలు చీర ఫొటో ఇచ్చి ఇలాంటివి చూపించమని అడిగితే, రంగు మాత్రమే చూసే ప్రోగ్రామ్ ఎర్ర పట్టుచీరను, ఎర్ర దుప్పటిని, చివరికి ఎర్ర గోడను కూడా తెచ్చి ముందు పెడుతుంది. మనకు కావలసింది ఆకుపచ్చదైనా సరే అదే నేత ఉన్న చీర. ఆ నేతను, అంటే బట్ట మీద వెలుగునీడలు ఒక పద్ధతిలో మళ్లీ మళ్లీ వచ్చే తీరును, చిత్రశాస్త్రంలో టెక్స్చర్ అంటారు. దాన్ని కొన్ని అంకెల వరుసగా మార్చి, ఆ వరుసల మధ్య దూరం కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని ముందుకు తేవడమే ఇక్కడ మనం చేయబోయే పని. పైథాన్‌తో కొంత పరిచయం ఉండి, నమ్‌పై, ఓపెన్‌సీవీ, సైకిట్-ఇమేజ్ గ్రంథాలయాలను వాడగలిగిన వారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. చేనేత బట్టను ఉదాహరణగా తీసుకున్నా, ఇదే క్రమం చెక్క, రాయి, నేల, ఆకుల ఫొటోలకూ వర్తిస్తుంది.

మొదటి అడుగు: ఏది పోలికో తేల్చుకోవడం

ఈ అడుగును చాలామంది దాటవేస్తారు. తర్వాత వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడే పుడతాయి. ఒక పోచంపల్లి ఇక్కత్ చీరను తీసుకోండి. భూతద్దంతో చూస్తే పడుగు మీదుగా ఒకటి, కిందుగా ఒకటిగా పేక పోగు వెళ్లే సాదా నేత కనిపిస్తుంది. చేయి దూరం నుంచి చూస్తే అంచులు చెదిరినట్టుండే డిజైన్ కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కత్‌లో నూలును నేయక ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు, మగ్గం మీద పోగులు కాస్త అటూ ఇటూ జరిగి రంగు హద్దు ఈకల్లా చీలుతుంది. మొదటిది మిల్లీమీటరులో సగం కూడా లేని విషయం, రెండోది సెంటీమీటర్ల విషయం. ఒకే బట్టకు రెండు టెక్స్చర్లు ఉన్నాయి. మనం దేన్ని అడుగుతున్నామో చెప్పకపోతే ప్రోగ్రామ్ తనకు తోచినదాన్ని కొలుస్తుంది.

కాబట్టి మూడు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాసుకోండి. ఏ పరిమాణంలోని పునరావృతి మనకు ముఖ్యం? బట్టను తిప్పి పెట్టినా అదే బట్టగా లెక్కించాలా? వెలుగు ఎక్కువ తక్కువలను పట్టించుకోవాలా, వదిలేయాలా? కింద చెప్పే ప్రతి పద్ధతీ ఈ మూడింటికి వేరువేరు జవాబులు ఇస్తుంది.

రెండో అడుగు: ఫొటో, పోగుకు ఎన్ని పిక్సెళ్లు

అంగుళానికి 60 పోగులున్న నేత అనుకుందాం. ఒక పోగు నుంచి మరో పోగుకు దూరం 25.4ను 60తో భాగిస్తే వచ్చే 0.42 మిల్లీమీటర్లు. చీర పూర్తి వెడల్పు, సుమారు 1.2 మీటర్లు, 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఫొటోలో పట్టేలా తీస్తే మిల్లీమీటరుకు 3.3 పిక్సెళ్లు, అంటే పోగుకు 1.4 పిక్సెళ్లే దక్కుతాయి. తిరిగి తిరిగి వచ్చే ఏ అంశాన్నైనా సరిగా పట్టాలంటే ఒక్కో ఆవృత్తికి కనీసం రెండు పిక్సెళ్లకు మించి ఉండాలి. అంతకు తగ్గితే అసలు నేత మాయమై, బట్టలో లేని అలల చారలు ఫొటోలో తేలతాయి. వీటిని మొయిరే అంటారు. ఈ చారలను ప్రోగ్రామ్ నిజమైన టెక్స్చర్‌గానే నమ్ముతుంది.

అదే కెమెరాతో 40 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే తీస్తే మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లు, పోగుకు 4.2 పిక్సెళ్లు వస్తాయి. నేతను కొలవడానికి ఇది చాలు. అన్ని బట్టలనూ ఇదే దూరం నుంచి తీయాలి, లేదా ఫ్రేములో ఒక స్కేలు పెట్టి తర్వాత అన్నిటినీ ఒకే పిక్సెల్ పరిమాణానికి తేవాలి. చిన్నది చేసేటప్పుడు కొన్ని పిక్సెళ్లను ఎత్తేసే పద్ధతి కాకుండా వైశాల్యపు సగటు తీసే పద్ధతినే వాడండి, లేకపోతే మొయిరే మళ్లీ దొడ్డిదారిన వస్తుంది.

వెలుగు రెండు వైపుల నుంచి సమానంగా పడాలి. ఒక పక్క నుంచి ఏటవాలుగా పడితే పోగుల మధ్య నీడలు పెరిగి సన్న నేత కూడా ముతకగా కనిపిస్తుంది. మడతలు ఇస్త్రీతో పోవాలి, జరీ మీది మెరుపు లెన్సులోకి నేరుగా కొట్టకూడదు. మెసేజ్ యాప్‌ల ద్వారా వచ్చిన ఫొటోలను సేకరణలో కలపవద్దు. బాగా కుదించిన జేపెగ్ ఫైలులో 8×8 పిక్సెళ్ల గళ్లు మిగులుతాయి. సాదా బట్ట మీద అవి ఎనిమిది పిక్సెళ్ల ఆవృత్తి ఉన్న గళ్ల నేతలా లెక్కకొస్తాయి.

మూడో అడుగు: బూడిద రంగులోకి మార్చి వెలుగును సరిచేయడం

టెక్స్చర్ పద్ధతుల్లో ఎక్కువ భాగం నలుపు తెలుపు చిత్రాల మీదే నడుస్తాయి. మామూలు మార్పిడిలో ఎరుపు విలువను 0.299తో, ఆకుపచ్చను 0.587తో, నీలాన్ని 0.114తో గుణించి కలుపుతారు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. 200 విలువ ఉన్న శుద్ధ ఎరుపు ఈ లెక్కన 59.8 అవుతుంది. 102 విలువ ఉన్న శుద్ధ ఆకుపచ్చ 59.9 అవుతుంది. రెండూ 60గా మారి, ఆకుపచ్చ నేల మీది ఎర్ర డిజైన్ మొత్తం మాయమవుతుంది. ఇక్కత్ వంటి రంగుల బట్టలకు చిత్రాన్ని ల్యాబ్ రంగుల పద్ధతిలోకి మార్చి, వెలుగు చానెల్‌తో పాటు రెండు రంగు చానెళ్ల మీద కూడా లక్షణాలు తీయడం మంచిది. సాదా మంగళగిరికి వెలుగు చానెల్ ఒక్కటి చాలు.

వెలుగు సరిచేయడానికి నేను వాడేది సులువైన పద్ధతి. చిత్రాన్ని బాగా వెడల్పైన గాసియన్ ఫిల్టర్‌తో మసకబార్చి, అసలు చిత్రాన్ని ఆ మసక చిత్రంతో భాగించాలి. ఒక మూల చీకటి, మరో మూల వెలుగు ఉన్న తేడా దీంతో పోతుంది. మసక వెడల్పు మాత్రం మీకు కావలసిన డిజైన్ కంటే చాలా పెద్దదై ఉండాలి, లేకపోతే డిజైన్ కూడా తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత సగటును సున్నాకు, ప్రామాణిక విచలనాన్ని ఒకటికి తెస్తే సరిపోతుంది. స్థానికంగా కాంట్రాస్ట్ పెంచే పద్ధతులు కంటికి ఇంపుగా ఉంటాయి కానీ, సాదా బట్టలో కెమెరా గరగరను (సెన్సర్ వల్ల చిత్రంలో పడే అడ్డదిడ్డపు చుక్కలను) నేతంత స్థాయికి పెంచుతాయి కాబట్టి వాటిని ఈ పనికి వాడను.

నాలుగో అడుగు: ముక్కలుగా కోయడం

చీరలో అంచు వేరు, ఒడలి నేత వేరు, కొంగు వేరు. మొత్తం ఫొటోకు ఒకే లక్షణాల వరుస తీస్తే మూడింటి సగటు వస్తుంది. ఆ సగటుకు సరిపోయే బట్ట నిజానికి ఎక్కడా ఉండదు. అందుకని ఫొటోను 256×256 ముక్కలుగా కోసి, ప్రతి ముక్కకూ వేరుగా లక్షణాలు తీసి, ఏ ముక్క ఏ ఫొటోదో, ఏ భాగానిదో గుర్తుపెట్టుకోండి. వెతికేటప్పుడు అడిగిన ముక్కకు ఒక ఫొటోలో అన్నిటికంటే దగ్గరగా ఉన్న ముక్క దూరాన్నే ఆ ఫొటో దూరంగా తీసుకోవచ్చు.

ఐదో అడుగు: సహసంభవ మాత్రిక

రాబర్ట్ హరాలిక్, కె. షణ్ముగం, ఇట్‌జాక్ డిన్‌స్టీన్ 1973లో ప్రతిపాదించిన ఈ పద్ధతిని జీఎల్‌సీఎం (గ్రే లెవెల్ కో-అకరెన్స్ మ్యాట్రిక్స్) అని పిలుస్తారు. ఒక పిక్సెల్ విలువకు, దానికి నిర్ణీత దూరంలో, నిర్ణీత దిశలో ఉన్న పిక్సెల్ విలువకు ఏర్పడే జతలను లెక్కపెట్టి పట్టికగా వేయడమే దీని కిటుకు. వారు ఆ పట్టిక నుంచి 14 కొలతలు ప్రతిపాదించారు. ఆచరణలో కాంట్రాస్ట్ (జతలోని విలువల మధ్య తేడా), హోమోజెనిటీ (ఆ విలువలు ఎంత దగ్గరగా ఉన్నాయో), ఎనర్జీ (జతలు పట్టికలో కొన్ని గళ్లలోనే ఎంత గుమిగూడాయో), కోరిలేషన్ (జతలోని విలువలు ఎంత కలిసి మారతాయో) అనే నాలుగింటితో పని బాగానే జరుగుతుంది.

ఒక్కసారి చేత్తో చేసి చూస్తే ఇది ఎప్పటికీ మరచిపోరు. నాలుగు వరుసలు, నాలుగు నిలువులు ఉన్న చిన్న చారల బట్ట అనుకోండి:

0 3 0 3
0 3 0 3
0 3 0 3
0 3 0 3

అడ్డంగా ఒక పిక్సెల్ దూరంలో చూస్తే 12 జతలూ 0-3 లేదా 3-0. కాంట్రాస్ట్ అంటే తేడా వర్గాల సగటు కాబట్టి 9 వస్తుంది. జతలను రెండు వైపుల నుంచీ లెక్కిస్తే కోరిలేషన్ మైనస్ 1. నిలువుగా ఒక పిక్సెల్ దూరంలో చూస్తే అన్నీ 0-0 లేదా 3-3 జతలే. కాంట్రాస్ట్ 0, కోరిలేషన్ 1. అడ్డంగానే రెండు పిక్సెళ్ల దూరంలో చూస్తే కాంట్రాస్ట్ మళ్లీ 0 అవుతుంది, ఎందుకంటే చార రెండు పిక్సెళ్లకు ఒకసారి తిరిగి వస్తోంది. చిత్రంలో ఎనిమిది సున్నాలు, ఎనిమిది మూళ్లు ఉన్నాయన్న హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే లెక్క) ఈ కబురు ఒక్కటీ చెప్పలేదు. పై సగమంతా సున్నాలు, కింది సగమంతా మూళ్లు ఉన్న చిత్రానికి కూడా అదే హిస్టోగ్రామ్ వస్తుంది.

ఇందులోంచి ఒక పనికొచ్చే ఉపాయం పుడుతుంది. దూరాన్ని 1 నుంచి 40 దాకా పెంచుతూ కాంట్రాస్ట్‌ను గ్రాఫు గీయండి. అది కిందికి దిగిన ప్రతిచోటా బట్టలో ఏదో తిరిగి వస్తోందని అర్థం. గళ్ల నేతల్లో గడి కొలత ఈ గ్రాఫులోనే చదువుకోవచ్చు.

ఆచరణలో మొదట సరిచూసుకోవాల్సింది స్థాయిల సంఖ్య. 256 బూడిద స్థాయిలను అలాగే ఉంచితే పట్టికలో 65,536 గళ్లు ఉంటాయి. 128×128 వంటి చిన్న ముక్కలో అడ్డం జతలు 16,256 మాత్రమే కాబట్టి పట్టిక దాదాపు ఖాళీగా మిగిలి, కొలతలు గాలివాటంగా మారతాయి. 16 స్థాయిలకు కుదిస్తే 256 గళ్లే ఉంటాయి, ఒక్కో గడికి సగటున అరవైకి పైగా జతలు దక్కుతాయి. దిశ విషయంలో నాలుగు దిశల్లో (0, 45, 90, 135 డిగ్రీలు) వచ్చిన విలువల సగటును, వాటిలో గరిష్ఠ కనిష్ఠాల మధ్య తేడాను రెండింటినీ ఉంచుకోవాలి. హరాలిక్ బృందం సూచించినదీ ఇదే. సగటు ఒక్కటే తీసుకుంటే చారలకూ గళ్లకూ ఉన్న తేడా చాలావరకు కరిగిపోతుంది. తేడాను కూడా ఉంచితే బట్టను తొంభై డిగ్రీలు తిప్పినా అంకెలు మారవు, చార చారగానే మిగులుతుంది. నాలుగు కొలతలు, 1, 2, 4 అనే మూడు దూరాలు, సగటు, తేడా కలిపి 24 అంకెలు వస్తాయి.

ఆరో అడుగు: లోకల్ బైనరీ ప్యాటర్న్

ఫిన్లాండ్‌లోని ఔలు విశ్వవిద్యాలయంలో టిమో ఓయాలా, మట్టి పియెటికైనెన్ తదితరులు అభివృద్ధి చేసిన ఈ పద్ధతిని ఎల్‌బీపీ అంటారు. ప్రతి పిక్సెల్ చుట్టూ ఉన్న ఎనిమిది పొరుగు పిక్సెళ్లను చూసి, మధ్య విలువకు సమానమో ఎక్కువో అయితే 1, తక్కువైతే 0 రాస్తారు. మధ్య విలువ 120, పై ఎడమ మూల నుంచి గడియారం దిశలో పొరుగు విలువలు 130, 125, 118, 110, 105, 112, 121, 140 అనుకోండి. రాసేది 1, 1, 0, 0, 0, 0, 1, 1. వీటికి వరుసగా 1, 2, 4 నుంచి 128 దాకా బరువులిస్తే మొత్తం 1+2+64+128, అంటే 195. మబ్బు పట్టి అన్ని విలువలూ సగమైనా ఈ 195 మారదు. వెలుగు తేడాలను తట్టుకునే బలం దీనికి పుట్టుకతోనే ఉంది.

చుట్టూ తిరిగినప్పుడు 0 నుంచి 1కి, 1 నుంచి 0కి మార్పులు రెండుకు మించని నమూనాలను యూనిఫాం అంటారు. పై ఉదాహరణ అలాంటిదే. మొత్తం 256లో ఇవి 58. మిగిలినవన్నీ ఒకే డబ్బాలో వేస్తే 59 డబ్బాల హిస్టోగ్రామ్ వస్తుంది. తిప్పినా మారకూడదనుకుంటే ఒకట్ల సంఖ్యను మాత్రమే లెక్కించే రూపం వాడాలి; అప్పుడు డబ్బాలు 10. నేను వ్యాసార్ధం 1కి 8 పొరుగులు, 2కి 16, 3కి 24 తీసుకుంటాను. 10, 18, 26 కలిపి 54 అంకెలవుతాయి.

దీని బలహీనత సాదా బట్టల దగ్గర బయటపడుతుంది. పొరుగు పిక్సెల్ ఒక్క స్థాయి తక్కువైనా, నలభై స్థాయిలు తక్కువైనా ఎల్‌బీపీకి ఒకటే. అందువల్ల కెమెరా గరగర నేతతో సమానంగా మాట్లాడుతుంది. ముందుగా కొద్దిపాటి గాసియన్ మసక వేయడం, హిస్టోగ్రామ్‌కు తోడుగా స్థానిక వ్యత్యాసాన్ని ఒక అంకెగా చేర్చడం రెండూ మేలు చేస్తాయి.

ఏడో అడుగు: గాబర్ ఫిల్టర్లు

గాబర్ ఫిల్టర్ అంటే ఒక నిర్ణీత దిశలో, నిర్ణీత దూరానికి ఒకసారి తిరిగి వచ్చే చారలకు బలంగా స్పందించే ఫిల్టర్. బి.ఎస్. మంజునాథ్, డబ్ల్యూ.వై. మా 1996లో చిత్రాల వెతుకులాట కోసం ఈ ఫిల్టర్లను అమర్చిన తీరు ఇప్పటికీ మంచి ఆరంభమే. నాలుగు పరిమాణాలు, ఆరు దిశలు, మొత్తం 24 ఫిల్టర్లు. ఒక్కో ఫిల్టర్ స్పందన పరిమాణానికి సగటు, ప్రామాణిక విచలనం తీస్తే 48 అంకెలు. వారి పౌనఃపున్యాలు పిక్సెల్‌కు 0.05 నుంచి 0.4 దాకా రెట్టింపు అవుతూ వెళ్తాయి, అంటే 20, 10, 5, 2.5 పిక్సెళ్ల ఆవృత్తులు. మన ఫొటోలో మిల్లీమీటరుకు 10 పిక్సెళ్లు కాబట్టి ఇవి 2, 1, 0.5, 0.25 మిల్లీమీటర్లు. మన 0.42 మిల్లీమీటర్ల పోగు చివరి రెండింటి మధ్య పడుతుంది.

నాలుగు సెంటీమీటర్ల ఇక్కత్ డిజైన్ మాత్రం ఇందులో దేనికీ అందదు. దానికోసం అదే ఫొటోను 20 వంతులు చిన్నది చేసి, ఫిల్టర్లను మళ్లీ నడపాలి. అప్పుడు ఆవృత్తులు 40, 20, 10, 5 మిల్లీమీటర్లవుతాయి. చిన్న చిత్రం వెడల్పు 200 పిక్సెళ్లే కాబట్టి దాన్ని ముక్కలు చేయకుండా మొత్తంగా వాడండి. పోగు వరుస 48, డిజైన్ వరుస 48, రెండింటినీ వేరుగా ఉంచుకోండి. మొదటి అడుగులో రాసుకున్న జవాబు ఇక్కడే అక్కరకొస్తుంది: ఇక్కత్ నేతకూ, ఇక్కత్ డిజైన్‌ను అచ్చు వేసిన బట్టకూ డిజైన్ వరుస దగ్గరగా వస్తుంది, పోగు వరుస దూరం కావచ్చు. అసలు ఇక్కత్‌లో రంగు నూలులోనే ఉంటుంది కాబట్టి డిజైన్ రెండు వైపులా తేటగా కనిపిస్తుంది. వీలైతే వెనుక వైపు ఫొటో కూడా సేకరణలో చేర్చండి.

ఫిల్టర్ నడిపే ముందు ముక్క సగటును తీసివేయండి, ఎందుకంటే మామూలు గాబర్ ఫిల్టర్ ఏ నేతా లేని సమానమైన వెలుగుకు కూడా కొంత స్పందిస్తుంది. ముక్క అంచుల దగ్గరి స్పందనలు నమ్మదగినవి కావు, వాటిని కత్తిరించి సగటు తీయాలి. బట్టను తిప్పిన సందర్భానికి ఒక చక్కని మార్గం ఉంది. దిశలు 30 డిగ్రీల తేడాతో ఉన్నాయి కనుక తొంభై డిగ్రీలు తిప్పడమంటే దిశల వరుసను మూడు స్థానాలు జరపడమే. పోల్చేటప్పుడు ఆరు జరుపుళ్లనూ ప్రయత్నించి అతి తక్కువ దూరం తీసుకుంటే చాలు.

ముందుగా శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్కుల పొరల నుంచి కూడా టెక్స్చర్ లక్షణాలు తీయవచ్చు. 64 చానెళ్లున్న పొరలో చానెళ్ల జతల మధ్య సంబంధాలను గ్రామ్ మాత్రికగా రాస్తే 2,080 అంకెలు వస్తాయి. ఫొటోలు వేల సంఖ్యలో, రకరకాల పరిస్థితుల్లో తీసినవైతే వాటిని తప్పక ప్రయత్నించండి. కొన్ని వందల బట్టలకు మాత్రం, ఎక్కడ తప్పు జరిగిందో వేలు పెట్టి చూపగలిగే పై పద్ధతులనే నేను ఎంచుకుంటాను.

ఎనిమిదో అడుగు: అంకెలను ఒకే తూకానికి తెచ్చి దూరం కొలవడం

16 స్థాయిల పట్టికలో కాంట్రాస్ట్ 225 దాకా వెళ్లగలదు, ఎనర్జీ ఒకటిని దాటదు. అలాగే కలిపి దూరం కొలిస్తే కాంట్రాస్ట్ ఒక్కటే తీర్పు చెబుతుంది. జీఎల్‌సీఎం, గాబర్ అంకెల్లో ప్రతి ఒక్కదాన్నీ సేకరణ మొత్తంలో దాని ప్రామాణిక విచలనంతో భాగించి, తేడాల పరమ విలువలను కూడండి. జరుపుళ్లు ప్రయత్నించేటప్పుడు ఒకే పరిమాణంలోని ఆరు దిశలకూ ఒకే భాజకం వాడాలి, లేకపోతే జరిపిన వరుస వేరే తూకంలో పడుతుంది. ఎల్‌బీపీ హిస్టోగ్రామ్‌కు కై-స్క్వేర్ దూరం (ప్రతి డబ్బాలో తేడా వర్గాన్ని రెండు విలువల మొత్తంతో భాగించి కూడేది) నప్పుతుంది. మూడు పద్ధతుల దూరాలను కలపాలంటే ఒక్కోదాన్ని సేకరణలోని దాని సగటు దూరంతో భాగించి తర్వాతే కూడాలి. భాజకాలను ఫైలులో భద్రపరచండి. కొత్త ఫొటో వచ్చిన ప్రతిసారీ వాటిని మళ్లీ లెక్కిస్తే నిన్నటి ఫలితానికి ఈరోజు ఫలితానికి పొంతన ఉండదు.

24, 54, 96 కలిపి 174 అంకెలు, ఒక్కోటి 4 బైట్లు, మొత్తం 696 బైట్లు. ఐదు వేల వరుసలైనా మూడున్నర మెగాబైట్లకు మించవు. ఈ స్థాయికి ప్రత్యేక ఇండెక్స్ ఏదీ అక్కర్లేదు, అన్నిటితోనూ నేరుగా పోల్చండి.

తొమ్మిదో అడుగు: నిజాయితీగా పరీక్షించడం

ఈ రంగంలో పాత కొలబద్ద ఫిల్ బ్రోడాట్జ్ 1966లో ప్రచురించిన 112 ఫొటోల ఆల్బమ్. గడ్డి, చెట్టు బెరడు, సముద్రపు ఇసుక, ఇటుక గోడ, నేత బట్టలు అందులో ఉంటాయి. ఒక్కో 512×512 చిత్రాన్ని 16 ముక్కలుగా కోసి, ఒక ముక్కతో వెతికితే మిగతా 15లో ఎన్ని మొదటి 15 ఫలితాల్లో వచ్చాయో చూస్తారు. మంజునాథ్, మా తమ ఫిల్టర్లతో సాధించినది సుమారు 74 శాతం. మీ ప్రోగ్రామ్ సరిగా నడుస్తోందో లేదో సరిచూసుకోవడానికి ఈ పరీక్ష బాగుంటుంది. కానీ ముక్కలన్నీ ఒకే ఫొటోవి, ఒకే వెలుగులోవి. ఇక్కడ వచ్చిన మార్కు మీ చీరలకు వర్తించదు.

నేను మొదటిసారి ఇంట్లోని చీరలతో ప్రయత్నించినప్పుడు, మంగళగిరి చీర ఇచ్చి వెతికితే గద్వాల చీర మొదట వచ్చింది. రెండింటినీ ఒకే కిటికీ దగ్గర, ఒకే సాయంత్రపు ఎండలో తీశాను. ఏటవాలు నీడల పోలిక నేతల తేడాను మించిపోయింది. అప్పటి నుంచి ఒక్కో బట్టను నాలుగు సార్లు తీస్తున్నాను: పగటి వెలుగులో, ట్యూబ్‌లైట్ కింద, తొంభై డిగ్రీలు తిప్పి, మడత పెట్టి విప్పి ఇస్త్రీ చేశాక మరోసారి. 30 బట్టలైతే 120 ఫొటోలు. ఒక ఫొటోతో వెతికినప్పుడు మిగతా మూడూ మొదటి మూడు స్థానాల్లో రావాలి. గుడ్డిగా ఎంచినా 119లో 3 సరైనవే కాబట్టి 2.5 శాతం ఊరికే వస్తుంది. మీ మార్కును దానితో పోల్చుకోండి.

సగటు మార్కు చూసి ఆగిపోకుండా, తప్పిన ప్రతి వెతుకులాటకూ అడిగిన ముక్కనూ వచ్చిన ముక్కనూ పక్కపక్కన పెట్టి అసలు పరిమాణంలో చూడండి. తప్పులన్నీ ట్యూబ్‌లైట్ ఫొటోల దగ్గరే గుమిగూడితే మూడో అడుగుకు, తిప్పిన ఫొటోల దగ్గరైతే జరుపుళ్ల లెక్కకు, జరీ అంచులు సాదా ఒడలితో కలిసిపోతుంటే ముక్కల కోతకు వెనక్కి వెళ్లాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేసి 120 ఫొటోలనూ మళ్లీ నడిపి, ఆ మార్పునూ వచ్చిన మార్కునూ తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి.